ముక్కోణం తిప్పిన ఊరు

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ఉత్తరంగా రైల్లో వెళితే గంట ప్రయాణం నెకర్సుల్మ్. నెకర్ నదిలో సుల్మ్ అనే చిన్న ఏరు కలిసేచోట వెలసిన ఊరది. కొండవాలుల్లో ద్రాక్షతోటలు, ఊరిని ఆనుకుని ఆడి కార్ల ఫ్యాక్టరీ. ఒకప్పుడు దాని పేరు ఎన్‌ఎస్‌యూ. ఆ మూడక్షరాలూ ఊరి పేరులోంచి ఏరుకున్నవే!

అల్లిక యంత్రాల తయారీకి 1873లో మరోచోట పుట్టిన కంపెనీ 1880లో ఇక్కడికి వచ్చింది. ఆపై సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు చేసింది. 1955 నాటికి మోటార్‌సైకిళ్ల తయారీలో ప్రపంచంలోనే దానిది మొదటి స్థానం. ఆ వైభవం చూడాలంటే ఊళ్లోని పాత కోటకు వెళ్లాలి. మధ్యయుగాల నాటి ట్యూటానిక్ యోధుల కోట అది. 1956 నుంచి మ్యూజియంగా మారింది. బైకులంటే ఇష్టం ఉన్నవాళ్లకు అక్కడ ఓ పూట చాలదు. కానీ, ఊరి తలరాత మార్చింది బైకు కాదు... కారు!

పిస్టన్లు లేని ఇంజిన్

మామూలు ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందకీ కదులుతాయి. అలా కాకుండా గుండ్రంగా తిరిగే ఇంజిన్ చేయాలన్నది ఫెలిక్స్ వాంకెల్ కల. ఇంజినీరింగ్ పట్టా లేదు, డ్రైవింగ్ లైసెన్సూ లేదు. అయినా 1929లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1957లో నెకర్సుల్మ్‌లో తొలి ఇంజిన్ తిరిగింది. వేరుసెనగ కాయ ఆకారంలో ఉన్న గదిలో ఓ ముక్కోణపు దిమ్మ తిరుగుతుంది. అంతే!

దాన్ని ఇంటిల్లిపాదీ తిరిగే కారులో పెట్టి, 1967లో రో 80 పేరిట తెచ్చింది ఎన్‌ఎస్‌యూ. రెండు ముక్కోణాలు, 115 హార్స్‌పవర్. క్లచ్ పెడల్ ఉండదు, గేర్ రాడ్ పట్టుకుంటే చాలు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. క్లాస్ లూథె దిద్దిన ఆకృతి గాలిని సునాయాసంగా చీల్చుకుపోయేది. 1968 సంవత్సరానికి యూరప్ మేటి కారుగా ఎంపికైంది. ఆ గౌరవం దక్కిన మొదటి జర్మన్ కారు ఇదే.

మూలల్లోనే మోసం

ముక్కోణం మూడు మూలల్లో గ్యాస్ బయటికి పోకుండా ఆపే సన్నని సీళ్లు ఉంటాయి. అవి తొందరగా అరిగిపోయేవి. 50 వేల కిలోమీటర్లయినా తిరగకముందే కొన్ని కార్లకు ఇంజిన్లే మార్చాల్సి వచ్చింది. వారంటీ ఉంది కాబట్టి ఖర్చంతా కంపెనీదే. రో 80 యజమానులు ఎదురుపడితే చెయ్యి ఊపేవారు కాదట... ఎన్ని ఇంజిన్లు మార్చారో అన్ని వేళ్లు చూపేవారట! తర్వాత సీళ్లను చాలావరకు సరిచేశారు. కానీ, అప్పటికే పేరు పోయింది. 1969లో ఎన్‌ఎస్‌యూ ఫోక్స్‌వ్యాగన్ చేతిలోకి వెళ్లి, ఆటో యూనియన్‌తో కలిసిపోయింది. 1973 చమురు సంక్షోభం వచ్చాక, పెట్రోలు ఎక్కువ తాగే ఈ కారును అడిగేవాళ్లు ఇంకా తగ్గారు.

ఊరు కదిలింది

1975లో నెకర్సుల్మ్ ఫ్యాక్టరీనే మూసేస్తారన్న మాట వినిపించింది. ఏప్రిల్ 18న వేలమంది కార్మికులు పొరుగునున్న హైల్‌బ్రాన్ దాకా పాదయాత్ర చేశారు. చాలా ఉద్యోగాలు పోయాయి, ఫ్యాక్టరీ మాత్రం మిగిలింది. పోర్షె 924 కార్లను ఇక్కడే తయారుచేసే పని దొరకడమూ కలిసొచ్చింది.

రో 80 తయారీ 1977లో ఆగిపోయింది. పదేళ్లలో అమ్ముడైనవి 37 వేల పైచిలుకే. ముక్కోణాన్ని మాత్రం జపాన్ వాళ్లు వదల్లేదు. 1961లోనే లైసెన్సు కొనుక్కున్న మాజ్డా, ఆ ఇంజిన్‌తోనే 1991లో లె మాన్స్ రేసు గెలిచింది.

నెకర్సుల్మ్ వెళ్తే కోట చూసి, తర్వాత ఫ్యాక్టరీ గేటు వైపు నడవండి. మూసేద్దామనుకున్న ఆ గేటులోంచి ఇప్పటికీ కొత్త కార్లు బయటికి వస్తూనే ఉన్నాయి.