ఎవరి కుక్క?

శరదృతువు రాగానే మాకు గట్టునడక పిచ్చి పట్టును. మా స్వగ్రామము పెంటపాడు. అచట అడవి లేదు. చూపు పాఱినంతమేర వరిచేలే. కొన్నియేండ్లుగా ఉద్యోగవశమున దానికి ఎగువను, ఎఱ్ఱకాలువ చెంతనున్న యొక పల్లెలో కాపురముండుటచే, అడవి కాకున్నను అడవిని తలపించు చోటొకటి మాకు దొరకినది. గానుగలు, తుమ్మలు, తాళ్లు, వాని నల్లుకొన్న తీగలు కలిసి ఏటిగట్టున ఒక మైలుదూరము నీడ పఱచియున్నవి.

పేరునకు కాలువయే గాని యిది మనుష్యులు త్రవ్వినది కాదు. మన్యపుకొండలలో పుట్టి, జంగారెడ్డిగూడెపు ప్రాంతముమీదుగా దిగివచ్చు వాగు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిమ్మట వచ్చిన కాలువలలో నొకటియగు ఏలూరు కాలువ, నందమూరుకడ దీనిపైగా దాటిపోవును. నీటిమీద నీరు పోవుట చిన్ననాడు మాకు ఇంద్రజాలమువలె నుండెడిది. దిగువను ఇదియే యనమదుర్రు మురుగుకాలువ యనిపించుకొని భీమవరము దాటి సముద్రమున కేగును. ఆంగ్లకథలలో శరత్తనగా ఆకులు రాలుకాలము. మాకట్లు గాదు. మా చెట్లు శిశిరమున రాల్చును. శరత్తున రెల్లు పూచును, వరి వెన్ను దీయును, వఱదయెఱుపు తగ్గి నీరు తేటపడును.

ఈ నడకకు మాకు తోడొక కుక్క. దానికి పేరు పెట్టలేదు. నూఱడుగులు ముందునకు బోయి, వెనుదిరిగి చూచి, మేము కదలుచున్నామని తెలిసిన పిదప మరల సాగును. వెనుక స్నేహితులతో ఈ గట్టున నడచునపుడు సంఘసంస్కారమునుగూర్చి గొంతెత్తి వాదించుచు బోవువారము. ఒక్క పక్షినైన చూచినట్లు జ్ఞప్తి లేదు. కుక్క నిలిచినచోట నిలుచుట యలవాటైన తరువాత, లకుముకిపిట్ట నీటబడి లేచుటయు, కొల్లేటిదిక్కుగా సాగు కొంగలబారును మా కంటబడినవి.

గత భాద్రపదమున నొకనాటి సాయంకాలము ఆ కుక్క మావీధి బాలు నొకని కఱచెను. వాడు దాని నేమి చేసెనో మాకు తెలియదు. పిక్కపై రెండు పండ్లు దిగినవి. తల్లి వాని నెత్తుకొని వీధిలోనికి వచ్చి, మా గుమ్మముకడ నిలిచి, "మేష్టారూ, ఈ కుక్క మీదేనాండీ?" అని యడిగెను. రెండేండ్లుగా మా పెరటిలో ముద్ద తినుచున్న కుక్క యది. మేము, "కాదమ్మా, ఊరికుక్క" అంటిమి. ధర్మరాజు స్వర్గద్వారమున విడువనన్న కుక్కకథను బడిలో ఎన్నిమారులో చెప్పియుంటిమి. వీధిగుమ్మమున విడుచుటకు మాకు క్షణము పట్టలేదు.

బాలునికి టీకాలు వేయించిరి. మా చిన్నతనమున బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని చెప్పి పిల్లలను భయపెట్టెడివారు. ఆ పాతమందు తయారీ మనదేశమున 2004తో నిలిచినది, నేడు భుజమునకు వేయు కొలదిసూదులతో సరి. అయినను తల్లి భయము సూదులతో తీరునది కాదు. కఱచిన కుక్క పదిదినములు ఆరోగ్యముగా బ్రదికియున్నచో, కఱచిననాటికి దాని లాలాజలమున వెఱ్ఱివిషము లేనట్లేయని వైద్యు లందురు. ఆ పదిదినములు దానిని కనిపెట్టి చూచి చెప్పగలవారము మేమే. చూచితిమి, చెప్పలేదు. పెరటితలుపు మూసి ముద్ద పెట్టితిమి.

2023లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు వీధికుక్కను సమాజజంతు వనుచున్నవి; పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని శాసించుచున్నవి. మంచిమాటయే. కాని సమాజ మనువాని గుమ్మ మేవీధిలో నున్నది? గట్టుమీది చెట్లును సమాజమువే. కనుకనే ఏటేట రెండు మూడు గొడ్డలిపా లగుచున్నవి. నఱకువానిని మందలించిన, "మీవాండీ?" అని మమ్మే యడుగును. ఆ ప్రశ్న విన్నప్పుడెల్ల మాకు కోపము వచ్చెడిది. ఇప్పుడు రాదు.

పదునొకండవనాడు ఆమె యింటికి బోయి జరిగినది చెప్పితిమి. ఆమె చాట క్రింద బెట్టి కొంతసేపు మావంక చూచెను. "ఆ రోజే చెప్పుంటే మేం పది రాత్రులు నిద్రపోయేవాళ్లం కదండీ" అన్నది. అంతకుమించి యేమియు ననలేదు. బాలుడు మంచముపై కూర్చుండి కాలు లోనికి ముడుచుకొనెను.

మఱునాడు కుక్కను ఆటోలో పశువైద్యశాలకు గొనిపోయితిమి. టీకా వేసినవారు చీటి వ్రాయుచు కుక్క పేరడిగిరి. లేదంటిమి. యజమాని పేరడిగిరి. ఒక గుటక మ్రింగి మా పేరు చెప్పితిమి. ఆ చీటి మా పెట్టెలో నున్నది. వచ్చుయేడు మరల టీకా వేయింపవలసిన తేదియు దానిపై గలదు.

ఇపుడు కార్తికము. తెల్లవాఱకమున్నే బయలుదేఱుచున్నాము. వీధి దాటువఱకు కుక్క మెడకు త్రాడు. గట్టెక్కిన పిదప విప్పుదుము. త్రాడు దానికి నచ్చలేదు, రెండుమారులు కొఱికి త్రెంపినది. నిన్న తిరిగి వచ్చుసరికి బాగుగా వెలుగు వచ్చినది. ఆమె గుమ్మమున ముగ్గు వేయుచు తలయెత్తి చూచి మరల వంచుకొనెను. తలుపు సగము తెఱచి బాలుడు నిలిచియుండెను. మేము త్రాడు పొట్టిచేసి పట్టి వీధి ఆవలిప్రక్కగా నడచితిమి.