పేరొకటే, పాలు వేరు

చీజ్ రుచిని తేల్చేవి కొన్నే: ఏ జంతువు పాలు, వాటిని దేనితో గడ్డకట్టించారు, ఉప్పు ఎంత పడింది, ఎన్నాళ్లు మాగబెట్టారు. పైన అచ్చేసిన పేరుకు వీటిలో దేనితోనూ గట్టి సంబంధం ఉండాలని లేదు. అయినా పరాయి దేశంలో కాపురం పెట్టినవాళ్లు దుకాణంలో ముందు వెతికేది పేరునే. చాలాసార్లు మోసపోయేదీ అక్కడే.

చెడ్డర్ అనేది ఇంగ్లండులో సోమర్‌సెట్ ప్రాంతపు ఊరు. ఒట్టి చెడ్డర్ అనే పేరు ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎక్కడ ఎవరు చేసినా ఆ పేరు పెట్టుకోవచ్చు. అమెరికా దుకాణంలో ఆ పేరుతో ఉన్న నారింజరంగు దిమ్మెను చూసి బ్రిటన్ నుంచి వెళ్లినవాడు తెల్లబోతాడు. ఆ రంగు జాఫ్రా గింజలది, మన మన్యంలోనూ పండే గింజలే. రంగు వల్ల రుచి పెద్దగా మారదు గానీ, ఆ దిమ్మె సాధారణంగా కొద్ది నెలలే మాగిన చప్పటి సరుకు. నాలుకను చురుక్కుమనిపించేది కావాలంటే ఏడాదికి పైగా మాగినట్టు రాసి ఉన్నది ఏరుకోవాలి.

గ్రీకులది ఇంకో తంటా. ఫెటాను గొర్రెపాలతో చేస్తారు, మేకపాలు 30 శాతం దాకా కలపొచ్చు. డెన్మార్క్ డెయిరీలు ఏళ్ల తరబడి ఆవుపాలతో చేసి అదే పేరుతో అమ్ముకున్నాయి. 2002లో యూరోపియన్ యూనియన్ ఆ పేరును గ్రీసుకే కట్టబెట్టింది, 2005లో యూనియన్ న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. ఆ కట్టడి అమెరికాలో చెల్లదు. న్యూయార్క్‌లో ఫెటా అని కొన్నది ఆవుపాలదైతే పులుపూ ఉప్పూ ఉంటాయి, గొర్రెపాల కమ్మదనం, చివర్లో తగిలే ఘాటు ఉండవు. డబ్బా వెనక్కి తిప్పి ఏ పాలో చూసుకోవాలి. బల్గేరియా వాళ్ల ఉప్పునీటి చీజ్ గొర్రెపాలదైతే అది ఆవుపాల ఫెటా కన్నా దగ్గరగా ఉంటుంది. గ్రీకులు ఈ మాట ఒప్పుకోరనుకోండి.

తెలుగువాళ్ల విషయానికొస్తే, చీజ్ అనగానే గుర్తొచ్చేది మాగబెట్టిన సరుకు కాదు. దోసెల బండి దగ్గర పెనం మీదికి నేరుగా తురిమే దిమ్మె, బడి పిల్లల డబ్బాలో రేకు కాగితం చుట్టిన ముక్క. ఇది ప్రాసెస్డ్ చీజ్. ముందే తయారైన చీజ్‌ను ముక్కలు చేసి, సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి, కరిగించి, అచ్చుల్లో పోస్తారు. 1911లో స్విట్జర్లాండులో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ఈ పద్ధతి కనిపెట్టారు. 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి పేటెంటు పొందాడు. కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచడం ఆ లవణాల పని. అందుకే కాలే దోసె మీద పడ్డా ప్రాసెస్డ్ చీజ్ నూనె కక్కకుండా సమంగా కరుగుతుంది. అమూల్ దాన్ని ఆవు, గేదె పాలతో చేస్తుంది. ఉప్పు ఒక పిసరు ముందుంటుంది. మన పిల్లలు చీజ్ రుచి అని నేర్చుకున్నది ఇదే.

డాలస్‌లో కొత్తగా దిగిన కుర్రాడు చెడ్డర్ తెచ్చి దోసె మీద తురిమితే నూనె ఒక పక్కకు కారి, మిగిలింది ముద్దగా సాగుతుంది. పైగా పుల్లటి వాసన. అతనికి కావలసింది అక్కడ అమెరికన్ చీజ్ అనే పేరుతో ఉంటుంది. అక్కడి రుచి తెలిసినవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, పట్టించుకోనక్కర్లేదు. ఒక్కో ముక్కకు ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్మే పలకల్లో తీపి ఎక్కువ. పెద్ద దుకాణాల్లో కోసి ఇచ్చే కౌంటర్ దగ్గర తెల్ల రకం అడిగి, దిమ్మె నుంచి మందంగా కోయించుకుంటే తురమడానికీ వీలుగా ఉంటుంది, రుచీ దగ్గర పడుతుంది. అమూల్ దిమ్మె తెప్పించే భారతీయ దుకాణం దగ్గర్లో ఉంటే ఈ వెతుకులాటే లేదు.

గల్ఫ్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ క్రాఫ్ట్ వాళ్ల రేకు డబ్బా చీజ్ ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న సరుకు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికో డ్రైవరుగానో వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు టాంగ్, నీడో డబ్బాలతో పాటు దాన్నీ పెట్టెలో సర్దుకొస్తారు. రాయచోటిలో పెరిగే పిల్లవాడికి ఆ డబ్బా రుచే సొంత రుచి కావచ్చు. రేపు వాడు చికాగో వెళ్తే భారతీయ దుకాణం కన్నా అరబ్బుల దుకాణమే వాడికి అక్కరకొస్తుంది.

శాకాహారులకు మరో ముడి ఉంది. చీజ్‌ను గడ్డకట్టించే రెన్నెట్ మొదట్లో లేగదూడ కడుపు నుంచి తీసేది. ఇటలీ పార్మిజానో రెజ్జానోకు నేటికీ అదే తప్పనిసరి. 1990 నుంచి అమెరికాలో జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులతో తయారుచేసిన ఎంజైమ్ వాడకానికి అనుమతి ఉంది, ఇప్పుడు అక్కడి చీజ్‌లో ఎక్కువ భాగం దానితో చేసిందే. కానీ దినుసుల జాబితాలో ఎంజైములు అని మాత్రమే రాసి ఊరుకుంటే ఏవో తేలదు. బ్రిటన్‌లో చాలా దిమ్మెల మీద శాకాహారులకు పనికొస్తుందని విడిగా రాస్తారు, ఆ బాధ తక్కువ.

పనీర్ తెలుగు వంటింటికి కొత్త చుట్టం. అమ్మమ్మల కాలంలో పాలు విరిగితే పంచదార పోసి కోవాలా దగ్గరకు ఇగిరించేవారు తప్ప, మూట కట్టి బరువు పెట్టిన ఇళ్లు అరుదు. హోటళ్ల నుంచి పెళ్లి భోజనాలకూ, అక్కడి నుంచి ఇంటికీ వచ్చిన పనీర్‌కు ఇప్పుడు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. భారతీయ దుకాణంలో దొరికేది తరచూ గట్టిగా ఉంటుంది, అందుకని చాలామంది ఇంట్లోనే విరగ్గొట్టుకుంటారు. చిక్కు పాల దగ్గర వస్తుంది. గేదెపాలలో వెన్న 6 నుంచి 8 శాతం ఉంటుంది. అమెరికాలో చిక్కటివని అమ్మే ఆవుపాలకు చట్టం అడిగేది 3.25 శాతం. పైగా వెన్న పైకి తేలకుండా కొవ్వు బిందువులను చితక్కొట్టి పాలంతా కలిపేస్తారు. అలాంటి పాల విరుగు మెత్తగా ఉండి, నీళ్లు తొందరగా వదలదు. ఎక్కువ కాలం నిలవ ఉండేలా అత్యధిక వేడికి గురిచేసిన పాలైతే పనీర్ పొడిపొడిగా రాలుతుంది. ఆర్గానిక్ పాలలో చాలావరకు ఈ రకమే కాబట్టి, ఖరీదు ఎక్కువ పెట్టినవాళ్లకే పనీర్ చెడడం కద్దు.

మీగడ పైకి తేలే పాలు దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే మామూలు పాలలో క్రీమ్ కొంచెం కలపాలి. పాలు పొంగు వచ్చాక మంట ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసంలో నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో మెల్లగా కదపాలి. లేత పసుపూ ఆకుపచ్చా కలిసిన విరుగుడు నీళ్లు తేరిన క్షణాన పోయడం ఆపేయాలి. ఆ తర్వాత పడే ప్రతి చుక్కా గడ్డను బిరుసెక్కించి పుల్లబరుస్తుంది. గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, బరువు కింద ఉంచితే ముక్కలుగా కోయడానికి వస్తుంది.

ఆ ఓపిక లేనివాళ్లకు మెక్సికో వాళ్ల దుకాణం దారి చూపుతుంది. కేసో బ్లాంకో కూడా వేడిపాలను పులుపుతో విరగ్గొట్టి చేసేదే కాబట్టి పెనం మీద వేయించినా కరగదు, పాలకూరలో వేస్తే పనీరే అనుకుంటారు. హలూమీ అనే చీజ్ కూడా కరగదు గానీ దాని దారి వేరు: రెన్నెట్‌తో పేరిన గడ్డను వేడి విరుగుడు నీళ్లలో ఉడికించి ఉప్పులో ఊరేస్తారు. పళ్ల కింద కిచకిచమంటుంది, ఉప్పు కూరను మింగేస్తుంది. రికోటా అనే మెత్తటి చీజ్ ముక్క కోయడానికి రాదు. దాన్ని పాలపొడితో దగ్గరపడేదాకా కలిపితే మాత్రం కలాకండ్‌కు పేరు పెట్టనక్కర్లేదు.

ఇక దుకాణంలో ఏ పేరుతోనూ దొరకనిది జున్ను. పులుపూ రెన్నెట్టూ అక్కర్లేకుండా ఆవిరి వేడికే గట్టిపడడం దాని ప్రత్యేకత. ఈనిన వెంటనే పితికిన ఆవు ముర్రుపాలలో మాంసకృత్తులు సుమారు 14 శాతం, మామూలు పాలలో 3 శాతానికి కాస్త పైన. ఆ మాంసకృత్తులే వేడికి పేరుకుంటాయి. అమెరికా నిబంధనల ప్రకారం పాలంటేనే ముర్రుపాలు కలవనివి, కాబట్టి ఎన్ని దుకాణాలు తిరిగినా లాభం లేదు. చైనాగ్రాస్‌తోనో కోడిగుడ్డుతోనో చేసే దొంగ జున్ను చూపుకు బాగుంటుంది, నోట్లో పెడితే గుట్టు బయటపడుతుంది. ఇండియా నుంచి తెచ్చుకునే జున్ను పొడి కొంత నయం.

అసలుది కావాలంటే చిన్న పాడిరైతుల్ని అడగాలి. దూడల కోసం వాళ్లు మిగులు ముర్రుపాలను ఫ్రీజర్‌లో దాస్తారు, అందులోంచి ఒక సీసా ఇచ్చేవాళ్లుంటారు. దాన్ని పొయ్యి మీద కరిగిస్తే అడుగున అప్పుడే జున్నయి కూర్చుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచి కరగనిచ్చి, చిక్కదనాన్ని బట్టి మామూలు పాలు, బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టాలి. ఆవు ముర్రుపాలు కాబట్టి జున్ను పసుపుగా దిగుతుంది, గేదె జున్ను తెలుపు దానికి రాదు.