ఎలుక చేసిన రిపేరు

సూర్యాపేటలో అమ్మకి మర్నాడు మధ్యాహ్నం కంటి ఆపరేషన్. మన్సూరాబాద్‌లో బయల్దేరి హయత్‌నగర్ చేరకముందే కారులో పసుపు దీపం వెలిగింది. ఎంత తొక్కినా ఎద్దుబండి నడకే.

ఓ సర్వీస్ సెంటర్లో చూపిస్తే ‘టర్బో మార్చాలి’ అన్నారు. ఖర్చు నా రెండు నెలల జీతం! ఉసూరుమంటూ మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి తెచ్చా.

స్కానర్‌లో పి0237 అని వచ్చింది. బూస్ట్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువని దానర్థం. ‘‘టర్బో పోయిందని ఇందుల యాడుంది సార్? ఇది జ్వరం లెక్క. జబ్బేందో మనమే ఎతకాలె’’ అన్నాడు.

సెన్సర్‌కి మూడు తీగలు. ఒకటి 5 వోల్టులు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది గాలి ఒత్తిడి ఎంతుందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెబుతుంది. (జర్నలిజం డిప్లొమాలో ఇవేవీ చెప్పలేదు మరి!) ప్లగ్ ఊడదీసి మీటర్ పెడితే 5 వోల్టులూ వస్తున్నాయి, ఎర్తూ బాగుంది. తాళం తీసేసి మూడో తీగకీ ఇంజిన్ బాడీకీ మధ్య మీటర్ పెట్టాడు. కుయ్‌మంది. షార్ట్! తీగ వెంటే వేలు పోనిస్తే బ్యాటరీ వెనక ఎలుక కొరికిన చోట రాగి బయటపడి ఇనుముకి తగులుతోంది.

టంకం పెట్టి, స్లీవ్ తొడిగి, మూడొందలు తీసుకున్నాడు. నాగోల్ దాకా వెళ్లొచ్చినా దీపం వెలగలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశా.

‘‘కారుకేమైందిరా?’’

‘‘ఎలుక కొరికిందమ్మా.’’

పొద్దుట్నుంచీ ఆపరేషన్ భయంతో ముడుచుకున్న మనిషి పకపకా నవ్వింది.