చుక్కల అమావాస్య గ్రహణం

1999 ఆగస్టు 11, బుధవారం నాటి సంపూర్ణ సూర్యగ్రహణం అట్లాంటిక్ మహాసముద్రం మీద మొదలై బంగాళాఖాతంలో ముగిసింది. చంద్రుడి నీడ దాదాపు 3 గంటల్లో దాదాపు 14,000 కిలోమీటర్లు నడిచింది. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్, ఫ్రాన్సు, జర్మనీ, హంగరీ, రొమేనియా, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ దాటి గుజరాత్‌లో మన దేశంలోకి దిగి, మధ్య భారతం మీదుగా వచ్చి శ్రీకాకుళం జిల్లాలో నేల విడిచింది. రొమేనియాలో 2 నిమిషాల 23 సెకన్లు నిలిచిన చీకటి ఇక్కడికొచ్చేసరికి నిమిషం లోపుకి పడిపోయింది. ఈ గ్రహణం మీద వచ్చిన రాతలు కార్న్‌వాల్‌లో కమ్మిన మబ్బుల గురించి పేజీలకు పేజీలు చెబుతాయి. చివర్లో ‘బంగాళాఖాతంలో ముగిసింది’ అని ఒక్క ముక్కతో చేతులు దులుపుకుంటాయి. బంగాళాఖాతానికి ఒక ఒడ్డుందనీ, ఆ ఒడ్డున శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి, పనస తోటల్లో జనం కాపురాలున్నాయనీ రాసేవారికి తోచదు.

పంచాంగం లెక్కలో అది ప్రమాథి నామ సంవత్సరం, ఆషాఢ బహుళ అమావాస్య. దాన్నే చుక్కల అమావాస్య అంటారు. తెల్లవారితే శ్రావణం. సాయంత్రం ఆరు దాటిన కొద్ది నిమిషాలకు సంపూర్ణ గ్రహణం, మరో పావుగంటకల్లా పొద్దుగూకడం. అంటే పట్టిన గ్రహణం పూర్తిగా విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. దీన్ని గ్రస్తాస్తమయం అంటారు. మామూలు గ్రహణానికి విడుపు స్నానం చేసి పొయ్యి వెలిగిస్తే సరిపోతుంది. గ్రస్తాస్తమయానికి అలా కుదరదు. మర్నాడు సూర్యుడి శుద్ధబింబం చూశాకే భోజనమని శాస్త్రం. సూర్యగ్రహణానికి నాలుగు జాముల ముందునుంచే ఉపవాసం కాబట్టి, నియమం పూర్తిగా పాటించినవారికి దాదాపు ఒక రోజంతా కడుపు కాలినట్టే. పసిపిల్లలకీ ముసలివాళ్లకీ రోగులకీ శాస్త్రమే సడలింపు ఇచ్చింది.

గ్రహణం చూడ్డానికి ఈ ప్రాంతం అంత అనువైనదేమీ కాదు. సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు దిగేది పడమట. ఆ సమయానికి అతడు నేలకు మూడు నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు. చేయి చాచి పట్టుకుంటే రెండు వేళ్ల మందం. బారువ, సోంపేట వైపు ఆ దిక్కున అడ్డంగా 1,501 మీటర్ల మహేంద్రగిరి, దాని కూడా తూర్పు కనుమల వరస. టెక్కలి, పలాసల్లో ఇంటి గోడే చాలు, తోటలో అయితే జీడి కొమ్మ చాలు. పైగా నైరుతి రుతుపవనాల నడిమి కాలం. దేశంలో నీడ నడిచిన దారి పొడుగునా చాలాచోట్ల మబ్బులే మిగిలాయి. అయితే మబ్బు సూర్యుణ్ణి దాస్తుంది గాని చీకటిని ఆపలేదు. సంపూర్ణ గ్రహణం మబ్బు వెనక జరిగినా వెలుగు ఒక్కసారిగా దిగిపోతుంది, పిట్టలు గూళ్లు చేరతాయి, చప్పున మళ్లీ తెల్లబడుతుంది. ఆకాశం తెరిపిచ్చిన చోట ఆ సాయంత్రం సూర్యుడికి కాస్త పైన శుక్రుడు కనిపించే వీలుంది; చుక్కల అమావాస్యకు అంతకన్న ఏం కావాలి. పాక్షికంగా పట్టి ఉన్నంతసేపూ కొబ్బరాకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ బిళ్లలు నెలవంకలవుతాయి. ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరా. దీనికి కళ్లద్దాలు అక్కర్లేదు, తల వంచితే చాలు.

కళ్ల విషయంలో ప్రచారమంతా ఒక్కటే మాట మీద నడిచింది: చూడొద్దు. పాక్షిక దశలో ఆ మాట నిజమే. కంటి రెటీనాకు నొప్పి తెలియదు, కాలినా తెలియదు. మసి పట్టించిన గాజు ముక్క, ఎక్స్‌రే ఫిల్ము, పళ్లెంలో పసుపు నీళ్లు, ఏదీ నమ్మదగ్గది కాదు. కాని పూర్తిగా కప్పేసిన ఆ కొద్ది సెకన్లూ వట్టి కంటితో చూడవచ్చు, చూడాలి కూడా. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా కనిపించేది అప్పుడే. ఫిల్ము అడ్డుపెట్టుకుంటే అప్పుడు కనిపించేది చీకటే. ఈ తేడా విడమరిచి చెప్పే ఓపిక ఎవరికీ లేకపోవడం వల్ల, తలుపులు మూసుకోవడమే శాస్త్రీయమన్న భ్రమ బలపడింది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణానికి జనం బయటికి రాకుండా దూరదర్శన్ సినిమా వేసింది. అదే రోజు హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాల నీడ దారిలోనే ఉంది.

ఇక రోకలి. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, కాస్త పసుపు వేసి, మధ్యలో రోకలి నిలబెడతారు. ఎవరూ పట్టుకోకుండా నిలుస్తుంది. విడుపు వేళకు దానంతటదే పడిపోతుందంటారు. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది. అది చదునుగా అరిగి ఉంటే, చెక్క నిటారుగా ఉంటే, నేల సమంగా ఉంటే రోకలి ఏ మంగళవారమైనా నిలుస్తుంది. ఆ మంగళవారం ఎవరూ ప్రయత్నించరు, అదే చిక్కు. సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పైకి లాగుతుందని చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. ఆ లాగుడు భూమ్యాకర్షణలో కోటి వంతుల్లో ఒకటి రెండు వంతులకు మించదు, అది కూడా ప్రతి అమావాస్యకూ ఇంచుమించు అంతే ఉంటుంది. మెల్లిగా నిలబెట్టేవారి చేతి నేర్పే అసలు కారణం. ఆ నేర్పుకి దక్కాల్సిన మెప్పంతా రాహువు కొట్టేశాడు. మిల్లులూ మిక్సీలూ వచ్చాక రోకలికి మిగిలిన పనులు రెండే, పెళ్లి పసుపు దంచడం, గ్రహణానికి నిలబడడం. వీధికొక్కటి మిగిలితే ఎక్కువ. దాని చుట్టూ మూగిన జనం పళ్లెంలోకే చూస్తారు. పైన అంత పెద్ద వింత జరుగుతుంటే అందరి తలలూ కిందికే. గ్రహణం వేళ ఆవకాయ జాడీ మీద దర్భ వేయడం దీంతో పోలిస్తే నయం. ఒక్క క్షణంలో అయిపోతుంది.

శ్రీకాకుళాన్ని ఆనుకుని అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి ఉంది. ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్లో జనం కిటకిటలాడతారు. సూర్యుడికే గ్రహణం పడితే మాత్రం సూర్యుడి గుడికి కూడా తలుపులు మూస్తారు.

తెలుగు నేలకు గ్రహణాల చరిత్రలో చోటు లేకపోలేదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటం చూసి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. మచిలీపట్నంలో పాగ్సన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచారి అనే ఖగోళ శాస్త్రజ్ఞులు అదే గ్రహణాన్ని చూశారు. హీలియం కథకు మొదలు ఆ పూటే. అప్పుడు ఉన్నది అయిదు నిమిషాలకు పైబడిన చీకటి, బాగా పైకెక్కిన ఉదయపు సూర్యుడు. ఉద్దానానికి దక్కింది కొసరు.

ఒకే వరసకు చెందిన గ్రహణాలు 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు ఒకసారి తిరిగొస్తాయి. ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది కాబట్టి చోటు మారుతుంది. 1999 గ్రహణం 2017 ఆగస్టు 21న అమెరికాలో తేలి, ఆరెగాన్ నుంచి దక్షిణ కరోలైనా దాకా నడిచింది. మరో వరసకు చెందిన 2024 ఏప్రిల్ 8 గ్రహణం తెలుగువాళ్లు గుంపులుగా ఉండే డాలస్ మీదుగానే వెళ్లింది. అక్కడ చీకటి దాదాపు 4 నిమిషాలు. 1999 నాటి వరసలో తరవాతిది 2035 సెప్టెంబరు 2న చైనా, ఉత్తర కొరియా, జపాన్‌ల మీదుగా పోతుంది. అంతకు ముందే, 2034 మార్చి 20న, వేరే వరస గ్రహణం ఒకటి లడఖ్‌ను తాకుతుంది.