మా వాకిట్లో ఏ జెండా?

టెక్సాస్‌లో మా వీధిన చాలా ఇళ్ళ ముందు జెండాలు ఎగురుతుంటాయి. అమెరికా జెండా, పక్కనే టెక్సాస్ ఒంటి నక్షత్రం, అక్కడక్కడా 1835 నాటి గొంజాలెస్ పోరాటపు ఫిరంగి జెండా. ఎక్కువగా నైలాన్‌వే. తేలిక బట్ట కాబట్టి కొద్దిపాటి గాలికే విచ్చుకుంటుంది, వాన వెలిశాక ఇట్టే ఆరుతుంది. ఏ జెండా అయినా ముందు చిరిగేది గాలికి కొట్టుకునే కొస దగ్గరే. అందుకే ఆ అంచును మడిచి వరసలు వరసలుగా కుడతారు. కర్ర వైపు మందపాటి పట్టీకి ఇత్తడి రింగులు బిగిస్తారు.

"మన మెదక్‌కు పాత జెండా లేదా నాన్నా? ఉంటే మనమూ కడదాం" అంది మా అమ్మాయి.

ఉంది. మెదక్ ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోది. దాన్ని ఏలిన ఆసఫ్‌జాహీ నిజాముల జెండా పసుపు రంగు, నడుమ తెల్లటి గుండ్రం. ఆ గుండ్రం కుల్చా రొట్టె అని చెప్పుకుంటారు. మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు కుల్చాలు పెడితే ఏడు తిన్నాడట, ఏడు తరాలు ఏలుతావని ఆయన దీవించాడట. ఆకలి తీర్చిన రొట్టె జెండాకెక్కడం నాకెంతో నచ్చుతుంది. చూడ్డానికీ ముచ్చటైన జెండా.

అయినా దాన్ని మా వాకిట్లో కట్టను. 1947 ఆగస్టులో ఆ జెండా నీడన మువ్వన్నెల జెండా ఎత్తడమే నేరమైంది. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను జైల్లో పెట్టారు. పల్లెల్లో వెట్టిచాకిరి, నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దౌర్జన్యం మన పెద్దలు అనుభవించినవే. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో సంస్థానం భారత్ చేతికి వచ్చింది. ఆ వెంటనే ఏ పాపమూ ఎరగని ముస్లింలు ఎందరో హతమయ్యారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదించింది. ఒక ఇంట్లో భయాన్ని, మరో ఇంట్లో దుఃఖాన్ని లేపే బట్టను అలంకారంగా వేలాడదీయడం నాకు తప్పనిపిస్తుంది. దాని చోటు మ్యూజియం, పాఠ్యపుస్తకం. అక్కడ మాత్రం తప్పకుండా ఉండాలి.

మా అమ్మాయికి మెదక్ కోట ఫొటోలు చూపించాను. ద్వారం మీది రెండు తలల గండభేరుండం దగ్గర ఆగిపోయి, కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. రాతి మీద ఎవరో శిల్పి చెక్కిన ఆ బొమ్మను బట్ట మీద వేయించడానికి నాకే అభ్యంతరమూ లేదు. ఆగస్టు 15కి కట్టే త్రివర్ణం మాత్రం నూలుదే. 2021 డిసెంబర్ సవరణ పాలిస్టర్‌కు చోటిచ్చింది గానీ, మన జెండా నియమావళి చెప్పే బట్టల్లో నైలాన్ లేదు.

1948ని కళ్ళారా చూసినవాళ్ళు మన ఊళ్ళలో ఇక కొద్దిమందే మిగిలారు. ఈసారి సెలవులకు మెదక్ వైపు వెళ్తే వాళ్ళ పక్కన కూర్చోండి. హిందువుల ఇంటికీ వెళ్ళండి, ముస్లింల ఇంటికీ వెళ్ళండి. వాళ్ళు చెప్పేది ఫోనులో రికార్డు చేసి పిల్లలకు వినిపించండి.