నారింజల లారీ

మా అమ్మమ్మ పుట్టింటివాళ్ళు రంగం వెళ్ళొచ్చినవాళ్ళు. రంగూన్‌ని ఆ రోజుల్లో మనవాళ్ళు రంగం అనేవారు. చిన్నప్పట్నుంచీ ఆ కబుర్లు విని విని, రంగూన్ ఓడ అన్న మాట ఎక్కడ కనపడినా చేతిలో పని పక్కన పెట్టి చదివేస్తాను. ఈ మధ్య అలాగే ఒక ఓడ సంగతి చదివాను. మనవాళ్ళు ఎక్కిన ఓడ కాదు లెండి, ఆ కాలం దాటాక వచ్చింది.

1949లో గ్లాస్గోలో కట్టారట. పేరు లీస్టర్‌షైర్. బిబ్బీ లైన్ అనే కంపెనీ దాన్ని ఇంగ్లండు నుంచి రంగూన్‌కి నడిపింది. 1964లో గ్రీసు దేశపు టిపాల్డోస్ అన్నదమ్ముల కంపెనీ కొని, హెరాక్లియన్ అని పేరు మార్చింది. పేరు ఒక్కటే అయితే బాగుండేది. లారీలు, కార్లు లోపలికి ఎక్కడానికి ఓడ పక్కన పెద్ద తలుపులు కూడా పెట్టారు.

గ్రీసులో క్రీట్ అని పెద్ద దీవి ఉంది. అక్కడివాళ్ళు ఏథెన్స్ వెళ్ళాలంటే రాత్రి ఓడెక్కి తెల్లారేసరికి పిరేయస్ రేవులో దిగాలి. మనకి రాత్రి బస్సెలాగో వాళ్ళకి ఆ ఓడ అలాగ. 1966 డిసెంబరు 7 రాత్రి క్రీట్‌లోని సూదా రేవు నుంచి హెరాక్లియన్ బయల్దేరింది. విపరీతమైన గాలి. లోపల నారింజపళ్ళ లోడుతో ఒక లారీ ఉంది. దాన్ని సరిగ్గా కట్టలేదు. ఓడ ఊగినప్పుడల్లా అదీ జరిగి జరిగి, చివరికి పక్క తలుపుని గుద్దేసింది. తలుపు ఊడింది, సముద్రం లోపలికొచ్చింది.

వెడల్పాటి పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి పట్టుకు నడిచి చూడండి. కొంచెం వంగితే చాలు, నీళ్ళన్నీ ఆ పక్కకే పరిగెత్తి పళ్ళెం ఇంకా ఒరిగిపోతుంది. లారీలు నిలబెట్టే ఆ విశాలమైన అంతస్తులోనూ అంతే. అర్ధరాత్రి దాటి రెండు గంటలప్పుడు, ఫాల్కొనేరా అనే చిన్న రాతిదీవి దగ్గర ఓడ మునిగిపోయింది. రెండు వందల మందికి పైగా పోయారు. బతికినవాళ్ళు యాభై మంది కూడా లేరు.

మా అమ్మాయి ఇంటర్ చదివిన రెండేళ్ళూ పంటు మీద గోదావరి దాటి కాలేజీకి వెళ్ళేది. పంటు మీద లారీ ఉంటే చక్రాల కింద చెక్క పెట్టారో లేదో చూసుకోమని రోజూ చెప్పేదాన్ని. మావారు నవ్వేవారు, నది ఎక్కడ, సముద్రం ఎక్కడ అని. నాకు మాత్రం సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా పొయ్యి దగ్గర మనసు నిలిచేది కాదు. ఇది చదివాక ఆయన నవ్వు ఆగింది.

విచారణలో కంపెనీ తప్పు బయటపడింది. 1968లో యజమానికి జైలుశిక్ష పడింది. అయితే నాకు బాగా నచ్చింది తర్వాత సంగతి. క్రీట్ జనం ఏడ్చి ఊరుకోలేదు. ఇక మన ఓడలు మనమే నడుపుకుందాం అనుకున్నారు. ఇరినెయోస్ అనే బిషప్ ముందు నిలబడ్డారు. మన పాల సంఘంలో వాటాల్లాగా మామూలు జనం తలా కొంత వేసుకుని 1967లో అనెక్ అనే కంపెనీ పెట్టారు. 1970లో మొదటి ఓడ తిరిగింది. దానికి కిడోన్ అని తమ పురాణాల్లోని రాజు పేరు పెట్టుకున్నారు. 2023లో వేరే పెద్ద కంపెనీలో కలిసిపోయేదాకా అనెక్ ఓడలు ఆ సముద్రం మీద తిరుగుతూనే ఉన్నాయి.