ఆదాయపత్రం తిన్న మేక

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగితే మేము ముగ్గురం అన్నదమ్ములం కూర్చుని ఆలోచించాం. ఒకడు వార్డెన్ సారు గురించి రాద్దామన్నాడు. ఇంకొకడు ఆదివారం గుడ్డు గురించి అన్నాడు. చివరికి ముగ్గురం ఒకే మాట మీదికి వచ్చాం. మమ్మల్ని ఈ హాస్టల్ గడప దాకా తెచ్చింది మా ఇంటి మేకలు. అల్లరి చేసినా, అప్పు తీర్చినా అవే. అందుకే వాటి గురించే రాస్తున్నాం.

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పల్లె. సొంత భూమి లేదు. నాయిన కూలికి, అమ్మ నాట్లకు, కలుపులకు పోయేవారు. అమ్మ ఊళ్లో ఒకాయన దగ్గర ఒక నల్ల మేకను పాలుకు తెచ్చింది. పాలుకు అంటే మేపేది మనం, ఈనిన పిల్లల్లో సగం వాళ్లకు, సగం మనకు. మేక చూలు కట్టిన సుమారు 150 రోజులకు ఈనుతుంది. చాలాసార్లు ఈతకు రెండు పిల్లలు. ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. అలా కొన్నేళ్లకు మాకంటూ నాలుగు మేకలయ్యాయి. మేము ముగ్గురం, అవి నాలుగు. అమ్మకు మొత్తం ఏడుగురు పిల్లలు!

వేరే కొట్టం లేదు కాబట్టి అవి మాతోపాటు వసారాలోనే ఉండేవి. వాటి అల్లరి చెప్పాలంటే ఈ సంచిక మొత్తం చాలదు. బొల్లి గోడ ఎక్కి, గోడ మీద నుంచి ఇంటి కప్పు ఎక్కి గడ్డి పీకేది. వాన పడిన రాత్రి సరిగ్గా అది పీకిన చోటే కురిసేది. మేము కింద గిన్నెలు పెట్టి కూర్చునేవాళ్లం. చుక్కి కుడితి కుండలో తల దూర్చి, తీయరాక, కుండతో సహా వాకిలంతా తిరిగేది. పిల్లలను గంప కింద కమ్మితే గంపనే మోసుకుంటూ నడిచేవి. పక్కింటి చిక్కుడు పాదు మాత్రం నాలుగింటికీ ఉమ్మడి ఆస్తి. "ఓ వదినా, నీ పిల్లలు మల్ల నా పాదు మీద పడ్డయ్!" అని ఆమె కేకేస్తే, మమ్మల్నే అంటుందేమో అనుకొని మేము మంచం కింద దాక్కునేవాళ్లం.

ఒకసారి మాత్రం నవ్వులాట కాలేదు. బొల్లి తాడు కొరుక్కుని ఒక ఆసామి పెసర చేనులో పడింది. ఆయన మా వాకిట్లోకి వచ్చి "అరే, బయటికి రారా" అని నాయినను పిలిచాడు. నాయిన ఆయనకన్నా పదేళ్లు పెద్ద. నాయిన తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ చేతిలో చాట కింద పెట్టి ముందుకొచ్చింది. "పటేలా, మ్యాకకు గెట్టు తెల్వదు. ఎంత మేసిందో నువ్వే సూడు, కట్టిస్తం. గని నీకన్న పెద్దోణ్ని అరే అనుడేంది?" అన్నది. వాకిలంతా నిశ్శబ్దం. మాకు గుండెలు దడదడలాడాయి. నలుగురు పెద్దమనుషులు కూర్చుని పది గంపల మేకల ఎరువు ఇవ్వాలని తీర్మానించారు. మేము ముగ్గురం మోసి ఆ చేనులో పోసి వచ్చాం. మరుసటి ఏడు దుక్కులకు ముందు ఆ ఆసామే మళ్లీ వచ్చాడు, ఎరువు కొనడానికి. ఈసారి నాయిన పేరు చివర "గా" తీసేసి "అయ్య" చేర్చి పిలిచాడు. గంపకు ఇంత అని అమ్మ ధర చెప్పింది.

ఇక అసలు సంగతి. 1999లో మాలో పెద్దవాణ్ని హాస్టల్‌లో చేర్చాలని కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం నాయిన మూడు రోజులు కూలి పోగొట్టుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగాడు. తెచ్చిన కాగితాలను గుడ్డసంచిలో పెట్టి గుంజకు తగిలించాడు. చుక్కి వెనక కాళ్ల మీద నిలబడి సంచి లాగింది. మేము చూసేసరికి ఆదాయపత్రంలో గుండ్రటి సీలు ఉన్న మూల మాత్రమే మిగిలింది. దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులే గడువు. నాయిన ఆ ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ మాత్రం "మన ఆదాయమే మన ఆదాయపత్రం తిన్నది" అన్నది. నాయినకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ తిరగడానికి ఖర్చులు కావాలి. ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి కొనాలి. చుక్కి పోతుపిల్లను అంగడికి తోలారు. 650 రూపాయలు వచ్చాయి. ఆ పిల్ల పుట్టినప్పుడు లేవలేకపోతే మాలో చిన్నవాడు సీసాతో పాలు పట్టి బతికించాడు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. చుక్కి తెల్లవార్లూ అరిచింది. అమ్మ వెళ్లి దాని పక్కనే పడుకుంది. గడువు చివరి రోజు దరఖాస్తు ఇచ్చాం. సీటు వచ్చింది. తర్వాత మిగతా ఇద్దరి పెట్టెలు కూడా మేకపిల్లల ధరతోనే కొన్నాం.

హాస్టల్‌లో ఉండి సైన్సు చదువుకున్నాక చుక్కి మీద మాకున్న కోపం పోయింది. మేక కడుపులో నాలుగు గదులుంటాయి. అందులో పెద్ద గదిలోని సూక్ష్మజీవులు ఆకుల పీచును కరిగిస్తాయి. కాగితం కూడా పీచే కదా! పైగా మేక కొత్త వస్తువు ఏది కనబడినా పెదవులతో తడిమి చూస్తుంది. ఆకలితో చేసినా, కుతూహలంతో చేసినా అది దాని స్వభావం. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. వాటి వెనక మాలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో!

అమ్మ ఇప్పటికీ రెండు మేకలను సాకుతోంది. వద్దంటే వినదు. "మీరు ఉజ్జోగాలు జేస్తుండ్రు, అవి గూడ జేసినయి" అంటుంది.

తమ్ముళ్లూ, దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట మనం "కూలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం. మీ పెట్టె ఏది అమ్మితే వచ్చిందో, ఎవరు మాట పడితే వచ్చిందో ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి తెలుసుకోండి. ఇప్పుడు సర్టిఫికెట్లు మీసేవలో దొరుకుతున్నా, కాగితం మాత్రం ఎత్తులో పెట్టండి. వెనక కాళ్ల మీద నిలబడిన మేకకు ఎంత ఎత్తు అందుతుందో మాకు తెలుసు!